నడిచెరువులో సమావేశం

పాతికేళ్లు సిటీ బస్సు తోలి, రిటైరైన మరుసటి ఏడాదే కింది ఊరి మున్సిపాలిటీకి ఛైర్‌పర్సన్‌గా గెలిచిన ఆవిణ్ణి అందరూ డ్రైవరమ్మ అనే పిలిచేవారు. పై ఊరి ఛైర్మన్ మాజీ హెడ్మాస్టరు. ఆయన కొడుక్కే డ్రైవరమ్మ తన కూతుర్నిచ్చింది. ఇళ్ల దగ్గర కలిస్తే ఇద్దరూ కొసరి కొసరి వడ్డించుకునేవారు. ఆఫీసుల్లో మాత్రం ఒకరి ఉత్తరానికొకరు పుల్లవిరుపు జవాబులు రాసుకునేవారు.

తగువంతా రెండూళ్ల మధ్య ఉన్న చెరువు గురించే. మూడేళ్లుగా గుర్రపుడెక్క దాన్ని కమ్మేసింది. దూరం నుంచి చూస్తే పచ్చటి మైదానంలా, ఊదారంగు పూలతో ముచ్చటగానే ఉండేది. అడుగున నీళ్లు మాత్రం ఊపిరాడక కుళ్లిపోయాయి. చేపలు వెల్లకిలా తేలేవి. రెండూళ్ల కుళాయిల్లోనూ ఒకటే కంపు. సరిహద్దు సరిగ్గా చెరువు మధ్యలోంచి పోతుంది. అది మీవైపే పుట్టిందని పై ఊరు, మీ మురుగు తాగే బలిసిందని కింది ఊరు. దాన్ని కోసే యంత్రం పంపిస్తామని ప్రాంతీయ కార్యాలయం ఎప్పుడో చెప్పింది. రెండు కౌన్సిళ్లూ కలిసి కూర్చుని ఒకే తీర్మానం చేస్తేనే అని మెలిక పెట్టింది. మీ హాలుకి మేం రామంటే మీ హాలుకి మేం రామని సభ్యులంతా భీష్మించుకున్నారు.

ఓ రోజు పొద్దున్నే డ్రైవరమ్మ నేరుగా హెడ్మాస్టారి ఆఫీసుకెళ్లి కూర్చుంది.

"అన్నయ్యగారూ, మీ హాలూ వద్దు, మా హాలూ వద్దు. సరిహద్దు మీదే పెట్టుకుందాం."

"సరిహద్దు నడిచెరువులో ఉంది కదమ్మా?"

"పడవలున్నాయి కదండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నీళ్లంటే ఆయనకు చచ్చేంత భయం. ఆ సంగతి వియ్యపురాలి ముందు ఒప్పుకోవాలంటే ఇంకా భయం. "రూల్సు ఒప్పుకుంటాయా?" అన్నాడు.

"సమావేశం ఊరి హద్దుల్లో జరగాలని ఉంది. నేలమీద జరగాలని ఎక్కడా లేదు."

ఆ శనివారం పొద్దున పంతొమ్మిదిమంది సభ్యులు రెండు మోటారు పడవలెక్కారు. చేపలు పట్టేవాళ్ల సంఘానికి పెద్దయిన తెడ్డక్క ఒక పడవ నడిపింది, ఆవిడ చెల్లెలు రెండోది. నడిచెరువులో రెండు పడవల్నీ పక్కపక్కన చేర్చి తాడుతో కట్టేసరికి, మోటార్లు రెండూ ఒక్కసారే గుర్రుమని ఆగిపోయాయి. గుర్రపుడెక్క వేళ్లన్నీ మోటారు రెక్కలకు చుట్టుకున్నాయి.

"ఇక కదలవు," అంది తెడ్డక్క తాపీగా.

మొదటి అరగంట సభ్యులు అలవాటు ప్రకారం ఒకరినొకరు తిట్టుకున్నారు. తర్వాత దోమలు పట్టుకున్నాయి. కంపుకి అందరూ ముక్కులు మూసుకున్నారు. ఓ సభ్యుడు అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"మీరు ఏ ఊరి పరిధిలో ఇరుక్కున్నారు సార్?" అని అటునుంచి అడిగారు.

"పడవల ముందు భాగం వాళ్ల ఊళ్లో, వెనక భాగం మా ఊళ్లో!"

"అయితే రెండు ఆఫీసుల నుంచీ లెటర్లు కావాలండీ."

ముందు తెడ్డక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు అంటుకుని రెండు పడవలూ ఊగిపోయాయి. హెడ్మాస్టారు అంచు గట్టిగా పట్టుకునే నవ్వాడు. నవ్వి నవ్వి, చొక్కా చేతులు పైకి మడిచాడు. ఒక చేత్తో పడవను వదలకుండానే రెండో చేత్తో ఓ దుబ్బు పీకాడు. అది సగమే వచ్చింది. మిగతా సగం అవతలి పడవ కిందికి పోయింది. డ్రైవరమ్మ అటునుంచి లాగింది. ఇద్దరూ లాగితే చాపలా ఊడొచ్చింది. కింద ఒక జానెడు నల్లటి నీళ్లు కనిపించాయి.

ఇక అందరూ దిగారు పనిలోకి. రెండు గంటలు పీకి దారి చేస్తూ, మధ్యమధ్యలో ఆగి తీర్మానం రాశారు. యంత్రం ఇద్దరిదీ. మురుగు శుద్ధి చెయ్యకుండా ఏ ఊరూ చెరువులోకి వదలకూడదు. సంతకాల మీద బురద వేలిముద్రలు పడ్డాయి.

చేసుకున్న దారిలో తెడ్లేసుకుంటూ ఒడ్డుకి తిరిగొస్తుంటే హెడ్మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పమ్మా, ఇరుక్కుంటామని నీకు ముందే తెలుసా?"

"పాతికేళ్లు బస్సు తోలినదాన్ని అన్నయ్యగారూ. ఏ దారిన పోతే బండి దిగబడుతుందో నాకు తెలీదా?"

ఆయన కోపం తెచ్చుకోబోయి, చేతకాక మళ్లీ నవ్వేశాడు.

నెల తిరక్కుండా యంత్రం వచ్చింది. అది దూరలేని మూలల్లోకి రెండూళ్ల జనం కొడవళ్లతో దిగారు. గట్టున పోసిన గుర్రపుడెక్కను రైతులు ఎరువుకి తోలుకుపోయారు. మురుగుకాలవల పని మాత్రం తెమలడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఇద్దరూ పోట్లాడుకోని వారం లేదు, కానీ ఒకే బల్ల దగ్గర కూర్చునే పోట్లాడుకునేవారు.

ఆ పని అయిన కొన్నాళ్లకి తెడ్డక్క వలలో మొదటిసారి నిండుగా చేపలు పడ్డాయి. కబురు అందగానే డ్రైవరమ్మ మీటింగు మధ్యలోంచి లేచి వచ్చేసింది. వల దులుపుతుంటే వెండిరంగు చేపలు గంతులేస్తున్నాయి, చుట్టూ జనం కేకలేస్తున్నారు. ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, మోకాళ్లలోతు నీళ్లలోకి నడిచింది. కిందికి చూస్తే తన కాలివేళ్లు తనకు కనిపించాయి.

"అన్నయ్యగారికి ఫోన్ చెయ్యండి," అంది గట్టిగా. "త్వరగా రమ్మనండి!"