సుమలత బరువు

నేరేడుచర్లలో పొద్దున ఆటో ఎక్కేటప్పుడు సుమలతను లింగస్వామి ఎప్పుడూ నడుమ సీట్లోనే కూచోబెడతాడు. ఓ పక్కకు కూచుంటే ఆటో ఒరుగుతుంది. ముందు టైరును ఒకసారి చూసి అడుగుతాడు.

"ఇయ్యాల ఎట్లున్నది అక్కా?"

"నిన్నటి లెక్కనే."

"అయితే ఇద్దర్ని తక్కువ ఎక్కించుకుంట తియ్."

కిరాయి మాత్రం ఒక్క సీటుదే తీసుకుంటాడు. మిర్యాలగూడలో ఆమె వంట చేసే హాస్టల్ ముందు దిగగానే ఆటో జానెడు పైకి లేస్తుంది. వంటింట్లో ఆమె నిలబడే చోట బండ పగిలితే, వార్డెన్ ఏమీ అనకుండా సిమెంటు పోయించాడు.

సిగ్గుపడితే సుమలతకు బరువు పెరుగుతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్లిచూపులనాడు పీట విరిగిందని అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది. కొందరికి ఎండకు తల నొస్తుంది, ఈమెకు ఇది. పూట గడిస్తే దిగిపోయేది. పోయినేడు కాలువ పోటీనాడు ఎక్కింది మాత్రం దిగలేదు.

ఆ పోటీ ఊరి పోరగాళ్లు పెట్టుకున్నది. ముందు సాగర్ కాలువ ఈది అవతలి గట్టు తాకి రావాలి. తర్వాత మిర్యాలగూడ రోడ్డు మీద సైకిలు, ఆపైన పరుగు. ట్రయథ్లాన్ అని బ్యానర్ కట్టారు. సుమలత కొడుకు చందు, పక్కింటి సత్తెమ్మ కొడుకు కృపాకర్ ఒకే కాలువలో ఒకే ట్యూబు మీద ఈత నేర్చినవాళ్లు. ఇద్దరూ దిగారు. నడికాలువలో కృపాకర్‌కు పిక్క పట్టేసింది. చెయ్యెత్తాడు. ముందు పోతున్న చందు ఆగి, వెనక్కి చూశాడు. తర్వాత గట్టు మీదున్న తల్లి వైపు చూశాడు.

"ఆగకురా! నువ్వు పో!" అని అరిచింది సుమలత.

గట్టు మీద అందరూ విన్నారు. సత్తెమ్మ పక్కనే నిలబడి వింది.

చందు పోయాడు. ఫస్టొచ్చాడు. కృపాకర్‌ను దిగువన ట్యూబులు వేసి తీశారు. బతికాడు. కానీ బకెట్లో నీళ్లు చూసినా వెనక్కి జరిగేవాడు. సత్తెమ్మ తిట్టలేదు. మాటే మానేసింది. క్రిస్మస్‌కు కేకు, బతుకమ్మకు సద్దులు దాటే గోడ ఆ ఏడంతా ఒట్టిగానే ఉంది. చందు మళ్లీ పోటీ పేరెత్తలేదు. ఒక్కసారే అన్నాడు, "నువ్వు అరవకుంటే నేను ఆగేటోణ్నమ్మా" అని. ఆ పొద్దు మంచం పట్టె విరిగింది.

ఈ ఏడు కృపాకర్ మళ్లీ పేరిచ్చాడని తెలిసి, సుమలత కూడా పోయి ఇచ్చింది. వాడు నీళ్లలో ఉంటే గట్టు మీద నిలబడటం తన వల్ల కాదు. అంతే తెలుసు ఆమెకు.

పేర్లు రాస్తున్న భద్రు పెన్ను ఆపాడు. "చిన్నమ్మా, మునుగుతవ్."

"మునిగితే నడుస్త."

"మరి సైకిలో?"

"గాడికి పోయినంక సూద్దాం."

ఈ ఏటి పోటీనాడు నీళ్లు మెడలోతే, కానీ గుంజుడు ఎక్కువ. కొడుకు ట్రాక్ ప్యాంటు వేసుకుని, చున్నీ నడుముకు బిగించి వచ్చిన సుమలతను చూసి పోరగాళ్లు కిసుక్కుమన్నారు.

"ఆంటీకి మెడల్ గాదురా, కాంటా తేవాలె!"

కాలి కింద మెట్టు పెచ్చు ఊడింది. ఆమె నీళ్లలోకి దిగి, అడుగున నడుచుకుంటూ పోయింది. ఈదేవాళ్లు పక్క నుంచి దాటిపోయారు. పోయినేడు చెయ్యి లేచిన చోటికి పోయి నిలబడింది. నీళ్లు భుజాలకు తగిలి రెండుగా చీలుతున్నాయి.

కృపాకర్ వెనక వచ్చాడు. సరిగ్గా అక్కడికి రాగానే వాడి చేతులు ఆగిపోయాయి. కళ్లు తేలేశాడు. సుమలత చెయ్యి చాపి అందుకుంది. వాడు ఆమె మెడను కరుచుకున్నాడు.

"ఊపిరి తీస్కో బిడ్డా. నేను కదల. గుంజ లెక్క పట్టుకో."

కాసేపటికి వాడి దడ తగ్గింది. ఆమె చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"అత్తమ్మా, నాకు నీ మీద కోపం లేదు. నీ జాగల మా అమ్మున్నా గట్లనే అరుస్తుండె."

ఏడాదిగా ఎవరైనా అంటారా అని ఎదురుచూసిన మాట. వినగానే సుమలత మడమలు నేలను వదిలాయి. తర్వాత వేళ్లు. ఇద్దరూ ప్రవాహం వెంట కొట్టుకుపోసాగారు.

"ఇప్పుడు గాదురా! ఆ మాట ఎనుకకు తీస్కో!"

వాడి నోట్లో నీళ్లు పోతున్నాయి. మళ్లీ బరువెక్కాలని సుమలత తన పోయినేటి అరుపును గుర్తుకు తెచ్చుకోబోయింది. అందలేదు. చెవి నిండా వాడి మాటే, చల్లగా.

గట్టు మీద సత్తెమ్మ చూసింది. చెప్పులు వదిలేసి నీళ్ల వెంట ఉరికింది.

"ఓ సుమలతా! నా కొడుకు మునుగుతుంటే పో అన్నవ్ గదనే! నా పక్కకు నిలబడి అన్నవ్! నీ చేతి బువ్వ తిన్న పోరడు గాదా వాడు? నోరెట్లొచ్చిందే నీకు?"

సుమలత పాదాలు బురదలో చీలమండల దాకా దిగబడ్డాయి. ఇద్దరూ ఆగారు.

"ఇంక తిట్టు ఒదినే!" గొంతు చించుకుంది సుమలత. "ఆపకు!"

"ఆపుతనా? ఏడాది సంది దాసిపెట్టిన!"

సత్తెమ్మ ఆపలేదు. కృపాకర్ ఊపిరి కూడదీసుకుని అవతలి గట్టు తాకి వచ్చాడు. దాటిపోతూ సుమలత భుజం మీద ఒకసారి చెయ్యి వేసి పోయాడు. అలిసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమెను పట్టుకుని, రొప్పు తీర్చుకుని పోయారు. కాంటా అన్న పోరడూ పట్టుకున్నాడు. ఎవడైనా "థ్యాంక్స్ ఆంటీ" అంటే ఆమె మడమ లేచేది. సత్తెమ్మ ఇంకోటి అందుకునేది. పోయినేటివి అయిపోతే పాతవి తీసింది. తిరిగివ్వని జల్లెడ, గోడ దాటిన కోడి, చందు పుట్టినప్పుడు తనకు ఆలస్యంగా చెప్పిన కబురు.

చివరివాడు ఒడ్డెక్కేసరికి సత్తెమ్మ గొంతు బొంగురుపోయింది. మెట్ల మీద కూలబడింది. పైన రోడ్డు మీద కృపాకర్ సైకిలెక్కి పోతున్నాడు. "తొక్కురా, తొక్కు!" అంటూ చందు వాడి వెంట ఉరుకుతున్నాడు.

సుమలత మెట్ల దాకా నడిచి వచ్చింది. తలెత్తలేదు.

"అయిపోయిందా ఒదినే?"

"ఇయ్యాల్టికి అయిపోయింది."

సత్తెమ్మ చెయ్యి చాచి గుంజింది. సుమలత కదల్లేదు. సత్తెమ్మ కుచ్చిళ్లు పైకి దోపుకుని, ఒక మెట్టు కిందికి దిగి, రెండు చేతులా పట్టింది.

"నా ఒక్కదానితోటి గాదు," అంది. "నువ్వు గూడ జర కాలెయ్యి."