బంగారు అక్షరాల కసి

నేను ఒక సన్మాన పత్రాన్ని. తెనాలిలో ఒక ప్రెస్సులో దళసరి అట్టమీద బంగారు అక్షరాలతో పుట్టాను. చుట్టూ టేకు ఫ్రేము, ముందు అద్దం. పగతోనే పుట్టాను, దాచడం దేనికి?

నన్ను రాసింది ఒక సర్కారీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు త్రిపురాంబ. ఆవిడ పై అధికారి కోదండపాణికి ఇంగ్లీషు పిచ్చి. కింది వాళ్లు ఏం రాసినా ఎర్ర సిరాతో దిద్దాల్సిందే. డిక్షనరీ మాత్రం చచ్చినా ముట్టుకోడు. తల్లికి ప్రాణం మీదికొచ్చిందని కబురందితే త్రిపురాంబ సెలవు చీటీ పెట్టింది. ఇంగ్లీషు బాగోలేదని మూడుసార్లు తిప్పి రాయించాడు మహానుభావుడు. నాలుగోసారి సంతకం పడి, ఆవిడ బస్సెక్కి ఊరు చేరేసరికి చితి చల్లారిపోయింది. ఆవిడ రెండేళ్లు పళ్లబిగువున ఓర్చుకుంది.

ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. సన్మాన పత్రం ఎవరికో, ఆ మనిషే ముందుగా చూసి సరేననడం ఆ ఆఫీసు ఆచారం. పొగడ్త తగ్గకూడదు కదా మరి! త్రిపురాంబ ఇంగ్లీషులో ఆయన్ని జిల్లాలోకెల్లా 'అఫీషియస్' అధికారి అని రాసింది. అఫీషియల్ అంటే అధికారికం. అఫీషియస్ అంటే అక్కర్లేని చోటల్లా తగుదునమ్మా అని పెత్తనం చేసేవాడు. ఆయన రెండుసార్లు చదివి, అఫీషియల్ కంటే ఇదే బరువుగా ఉందని మురిసిపోయి, దిద్దకుండా సంతకం పెట్టాడు. సభలో చప్పట్లు మోగాయి.

ఆరేళ్లు ఆయన హాల్లో వేలాడాను. వచ్చిన ప్రతివాడికీ ఆ మాట మీద వేలుపెట్టి మరీ చదివి వినిపించేవాడు. అర్థం తెలిసినవాళ్లు నవ్వు దాచుకునేవారు. నాకు కడుపు నిండిపోయేది.

చివరికి పక్క వాటాలో దిగిన ఇంగ్లీషు మాస్టారు మొహమాటపడుతూనే అర్థం చెప్పేశాడు. కోదండపాణి మొహం మాడిపోయింది. మర్నాడే త్రిపురాంబను పిలిపించి, నన్ను దించి ఆవిడ ముందు పెట్టాడు.

"దీనర్థం నీకు ముందే తెలుసా?"

"తెలిసే రాశానండి."

"నేన్నీకేం అన్యాయం చేశానమ్మా?"

"నా సెలవు చీటీ మూడుసార్లు తిప్పికొట్టారు. మా అమ్మని ఆఖరిచూపు చూసుకోలేకపోయాను."

ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"ఏ సెలవు చీటీ?" అన్నాడు.

నటన కాదు. నిజంగానే గుర్తులేదు. త్రిపురాంబ నన్ను ఆయన వైపు జరిపింది.

"అయితే దాన్ని మళ్లీ గోడకి పెట్టుకోండి," అని లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు అటక మీద ఉన్నాను. ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను గానీ, ఆ చీటీని గుర్తు చేయలేకపోయాను. ఆ కసి నాకింకా చావలేదు.