గురవమ్మ ఇంట్లో గంగమ్మ మకాం

వాన పట్టిందంటే గురవమ్మకు రెండు పనులు. ఎండుచేపల గంపలు లోపలికి లాగడం, గంగమ్మకు పీట వేయడం. గుడి కప్పు కురవగానే అమ్మవారు కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఎదురుగా ఉన్న గురవమ్మ ఇంటికి వచ్చేస్తుంది. ఉన్నది ఒక్క గది. అందులో పొయ్యి పక్కన వెచ్చటి చోటు ఆమెకే కావాలి.

"ఈ ఏడన్నా కప్పు వేయించు మామా," అని ఊరిపెద్ద ఆదెయ్యను గురవమ్మ అడగని వానాకాలం లేదు.

ఆదెయ్య తిరగని ఆఫీసూ లేదు. పాత కట్టడాలు చూసే ఆఫీసరు ఒకాయన జీపులో వచ్చి, గోడ మీద వేలితో కొట్టి, "ఇది కొత్త గుడి కదండీ, మా కిందికి రాదు," అని వెళ్లిపోయాడు. ఎందుకు రాదు మరి? భక్తి ముదిరి, తాతల నాటి రాతిగోడల నిండా ఊరంతా కలిసి బాత్రూం టైల్సు అంటించింది, అవీ గులాబీ రంగువి. వేట నుంచి వచ్చిన ప్రతి పడవా అమ్మవారికి వాటా తీస్తుంది. అదంతా తిరునాళ్లలో మైకులకూ రంగు బల్బులకూ సరి. కప్పు సంగతి ఒక్కరికీ పట్టదు.

ఈసారి గురవమ్మకు ఒళ్లు మండిపోతోంది. కూతురు సుప్రియ నెల్లూరు ఆసుపత్రిలో కని, పసిగుడ్డుతో ఆటోలో వస్తోంది. బయట తుఫాను వాన. అమ్మవారున్న ఇంట్లోకి పురిటాలు అడుగు పెట్టకూడదు.

"వలల కొట్టంలో ఉంచు. పురుడు తీరిందాకానే కదా," అన్నాడు ఆదెయ్య.

"కొట్టంలో మోకాటిలోతు నీళ్లుండాయి. బిడ్డకు ఈత నేర్పమంటావా?"

"నేనేం చేసేది? ఆచారం నేను పెట్టినానా?"

ఆటో రానే వచ్చింది. సుప్రియ బిడ్డ మీద తువ్వాలు కప్పి చూరు కింద నిలబడిపోయింది. గురవమ్మకు ఏడుపు ఆగలేదు.

"తల్లీ, నీకు దండం పెడతా. ఆదెయ్య మామది స్లాబు మిద్దె, ఆడికి పో."

గంగమ్మ లేచింది. గడప దాకా వచ్చి, సుప్రియ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని, మళ్లీ పీట మీద కూర్చుంది.

ఆదెయ్య తల పట్టుకున్నాడు. బిడ్డను ముట్టుకుంది కాబట్టి ఇక అమ్మవారికీ పురుడే. పురుడు తీరేదాకా ఆమెకు దీపం పెట్టరు. దీపం పెట్టకుండా ఈ ఊళ్లో ఏ పడవా వేటకు పోదు.

సుప్రియ లోపలికొచ్చి పడుకుంది. వాన తెరిపిచ్చింది. పొరుగూరి పడవలు చేపలతో తిరిగొస్తుంటే, మనవాళ్లు ఒడ్డున కూర్చుని ఆదెయ్యను తిట్టడం మొదలుపెట్టారు.

"ఈ వీధిలో ఇంకా ముగ్గురు కడుపుతో ఉండారు మామా," అన్నాడు చిన్నా అనే పడవ మనిషి. "కప్పు కురిసినప్పుడల్లా మేమిట్లా పస్తులుండాల్నా?"

ఆదెయ్య తన మిద్దె మీద గది కోసం తెప్పించిన సిమెంటు, కమ్మీలు గొణుక్కుంటూనే గుడి ముందు దింపించాడు. పనిలేని చేతులు ఊళ్లో బోలెడు. పురుడు తీరేసరికి గుడికి కొత్త కప్పు తయారైంది.

ఆదెయ్య మేళంతో వచ్చి, "అమ్మా, ఇంక గుడికి పోదాం రా," అని గురవమ్మ వాకిట్లో పిలిచాడు. గురవమ్మ తలుపు ఓరగా తీసింది.

"మెల్లిగా మామా. రాత్రంతా బిడ్డను ఎత్తుకునే ఉండింది. ఇప్పుడే ఇద్దరూ కునుకు తీసినారు."

లోపల సుప్రియ కూడా కంటినిండా నిద్రపోతోంది. ఆదెయ్య మేళగాళ్లను ఆగమని, అరుగు మీద కూర్చున్నాడు.