బాలవ్వ ఎడమ చెయ్యి

బక్కయ్య అడిగింది ఒక్కటే. బాలవ్వ ఎడమ చెయ్యి చూపించమన్నాడు. ముఖం చూపకపోయినా సరే, ఆ చెయ్యి చూసి, ఇది నా పెళ్లామే అని తెలుసుకుంటే తప్ప ఇక్కణ్నుంచి కదలనని శవాన్ని చుట్టిన సంచి పక్కనే చతికిలబడ్డాడు.

కరోనా రెండో వేవ్ సూరత్‌ను తుడిచిపెడుతున్న ఏప్రిల్ అది. పర్వత్ పాటియా దగ్గర పెళ్లిళ్లకు అద్దెకిచ్చే ఓ హాలును దవాఖాన చేశారు. విందు వంటలు వండే వెనక షెడ్డులో ఇప్పుడు జిప్పులు వేసిన సంచులను వరసగా పడుకోబెట్టారు. బాలవ్వను లోపలికి తీసుకుపోయింది మొదలు మొగుడి కంటికి చూపించలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "బాగుంది, బాగుంది" అన్నారు. ఇవాళ పొద్దున "వచ్చి తీసుకుపోండి" అన్నారు. అంత బాగున్న మనిషి ఎట్లా చచ్చిపోయిందో చెప్పే దిక్కు లేదు.

"కాకా, తెరవకూడదు. రూల్ లేదు," అన్నాడు తెల్ల కిట్టు తొడుక్కున్న మనిషి హిందీలో.

"బాపూ, లే. లేబుల్ మీద అవ్వ పేరున్నది గదా, ఇంకేంది? శ్మశానంల లైన్ ఉంది, లేట్ అయితది," అని కొడుకు రవీంద్ర దూరంగా నిలబడి తొందరపెట్టాడు.

"పేరు రాసినోడు మీ అవ్వను ఎన్నడన్న సూశిండారా? నాకు చెయ్యి సూపెట్టుమను."

ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు. బాలవ్వకు అక్షరం ముక్క రాదు. ఫొటోలంటే నమ్మకం లేదు. అందుకని ఏ ఊరు పోయినా అక్కడి జాతరలోనో బజారులోనో పచ్చబొట్లు పొడిచేవాళ్లను వెతికి పట్టుకుని, ఎడమ చేతి మీద ఆ ఊరి గుర్తు ఒకటి పొడిపించుకునేది. పెళ్లయిన కొత్తలో వేములవాడ పోయినప్పుడు మణికట్టు మీద కోడె. కొండగట్టులో దాని పక్కన గద. సాంచెల మీద గుడ్డ నేసే పనికి మొగుడి వెంట సూరత్ వచ్చాక పావాగఢ్ కొండెక్కితే త్రిశూలం, ద్వారక పోతే జెండా, డుమస్‌లో మొదటిసారి సముద్రం చూస్తే చేప. బొంబాయి ఆమెకు బొత్తిగా నచ్చలేదు. అక్కడికి పోయిన రైలు మాత్రం నచ్చింది, కాబట్టి రైలే కావాలని పట్టుబట్టింది. పొడిచినవాడు రైలు పేరు చెప్పి చక్రాలున్న అగ్గిపెట్టె గీశాడు. బక్కయ్య అది చూసి పడీ పడీ నవ్వితే, "నవ్వు నవ్వు, నువ్వు కూసున్న డబ్బానే గది," అని కసిరింది.

మొదటి లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయి, కూలీలుండే గదుల వరసంతా బిక్కచచ్చి కూర్చున్నప్పుడు ఆడవాళ్లను పోగేసి చెయ్యి చాపేది. మణికట్టు దగ్గర బయల్దేరి మోచెయ్యి దాకా ఊరూరా తిప్పి, ఎక్కడ ఏం తిన్నదో, ఎవరితో పోట్లాడిందో పూసగుచ్చినట్టు చెప్పేది. కడుపు మాడుతున్నా జనం ఆమె రైలెక్కి నవ్వుకునేవాళ్లు.

ఆ చెయ్యి అంటే నామోషీ పడ్డది రవీంద్ర ఒక్కడే. సూరత్‌లో పుట్టి పెరిగి, చీరల మార్కెట్‌లో సేల్స్‌మన్ అయినవాడాయె. తన షాపు యజమాని సేఠ్‌ను ఇంటికి పిలిచిన రోజున తల్లికి నిండు చేతుల జాకెట్ తొడిగించాడు. తను మాత్రం ఎక్కడికి పోయినా ఫోన్‌తో ఫొటోలు, వీడియోలు తీసి వాటికి పాటలు అతికించేవాడు.

"అవ్వా, నాది క్లౌడ్‌ల సేఫ్ ఉంటది. నీ లెక్క తోలు మీద గీయించుకుంటరా ఎవలన్న?"

"నీ ఫోన్ల చార్జింగ్ అయిపోతె నీ ద్వారక గూడ పోతది బిడ్డా. ఇగో, ఇటు సూడు, నాది పోతదా?" అని ఆమె చెయ్యి ముందుకు చాపితే వాడు తల ఎత్తేవాడు కాదు. బాలవ్వ నవ్వి ఊరుకునేది. బక్కయ్య మాత్రం కొడుకును కసిరేవాడు.

ముసలాయన మొండితనానికి కిట్టు మనిషే విసిగిపోయాడు. అటూ ఇటూ చూసి, జిప్పు కొంచెం లాగి, ఎడమ చెయ్యి బయటికి తీశాడు. రవీంద్ర నాలుగడుగులు ముందుకొచ్చి మెడ సాచాడు. ఆ చేతి మీద పచ్చబొట్లు కనబడ్డాయి.

"అవ్వా!" అని బావురుమన్నాడు. "బాపూ, అవ్వనే. ఇగ మూసెయ్యమను."

బక్కయ్య ఏడవలేదు. కళ్లు చికిలించి, వంగి, మళ్లీ చూశాడు. మణికట్టు మీద కోడె లేదు. చుక్కలు బారులు తీరి ఉన్నాయి. వాటి పైన ఒక తేలు, తేలు పైన ఒక నెమలి. ఈ ప్రాంతపు పల్లెల్లో ముసలమ్మల చేతుల మీద కనబడే బొమ్మలవి.

"మీ అవ్వ గాదు."

"గట్లెట్ల గాదు? పచ్చబొట్లు ఉన్నయ్ గదా!"

"పచ్చబొట్లు ఉంటె మీ అవ్వయితదారా? గీ తేలు ఏడికెల్లి వచ్చింది? ఆమె రైలేది? ఇన్నేండ్లు గా చేతుల మీద పెరిగితివి. సూస్తె ఎర్కవడదా?"



కిట్టు మనిషి లోపలికి పరుగెత్తి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. దగ్గర్లోని కిమ్ అనే ఊరి నుంచి వచ్చినవాళ్లు పొద్దున ఒక పెద్దావిడను తీసుకుపోయారట, లేబుళ్లు తారుమారై ఉంటాయన్నాడు. వాళ్లకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అవతల మాట్లాడింది ఆ ఇంటి కొడుకు. దహనం అయిపోయింది, ఇంటికి కూడా చేరామన్నాడు.

"చెయ్యి చూసినవా బిడ్డా?" అని బక్కయ్య తనకొచ్చిన హిందీలో అడిగాడు.

"చూపించారు కాకా. పచ్చబొట్లున్నాయి. మా బా అనుకున్నాం." అమ్మను వాళ్లు బా అంటారు.

"ఏం బొట్లు? రైలు ఉండెనా?"

 అవతల ఏడుపు వినబడింది.

"సరిగ్గా చూడలేదు కాకా. దూరం నుంచే చూశాం, భయమేసింది. ఇంట్లో అందరికీ వచ్చింది, మళ్లీ రాలేం. మా బాను మీరే సాగనంపండి."

బక్కయ్యకు ఒళ్లంతా మండిపోయింది. వాణ్ని నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాడు. కానీ పక్కన నిలబడ్డవాడు తన కొడుకే, వీడు చేసిందీ అదే. ఎవణ్ని తిట్టాలి? అన్ని ఊళ్లను చేతి మీద మోసుకు తిరిగిన మనిషి, ఆ చేతిని ఒక్కరూ చూడకుండానే, ఎవరి పేరు మీదో బూడిదైపోయింది. చివరిసారి పక్కన తనుండి పంపే భాగ్యం కూడా లేకపోయింది. దుఃఖం పొంగుకొచ్చి, బక్కయ్య మాస్కులోనే వెక్కి వెక్కి ఏడ్చాడు.

కాసేపటికి ముఖం తుడుచుకుని, జిప్పు వేయబోతున్న మనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు. మోకాళ్ల మీద ఇంకా దగ్గరికి జరిగి, ఆ పరాయి తల్లి చేతిని పరీక్షగా చూడసాగాడు. చుక్కలు ఎట్లా తిరిగాయో, తేలు తోక ఎటు ఉందో, నెమలికి పింఛం ఉందో లేదో.

"ఏంది బాపూ, ఏం సూస్తున్నవ్?"

"ఆమె కొడుకు రేపో ఎల్లుండో ఫోన్ జేస్తడు. మా అవ్వ చేతి మీద ఏమేమి ఉండె అని అడుగుతడు. అడుగకుంట ఉండలేడు. నేను జెప్పాలె గదా."

రవీంద్ర మెల్లగా జేబులోంచి ఫోన్ తీశాడు. ఫొటో తీయడానికి ఎత్తిపట్టాడు.

"గా ఫోన్ లోపట పెట్టు," అన్నాడు బక్కయ్య. "కండ్లతోని సూడు."

రవీంద్ర ఫోన్ జేబులో పెట్టి, బుద్ధెరిగాక మొదటిసారి ఒక తల్లి చేతి మీదికి వంగాడు. కళ్లనిండా నీళ్లు. ఏమీ కనబడలేదు.