అంజిలమ్మ చూసిన వాటం

కాలువలో చుక్క నీరు లేదు, అయినా మా అంజిలమ్మ అత్త మోకాళ్ల పైకి చీర దోపుకుని ముందు నడుస్తోంది, నేను కాలేజీకి వేసుకెళ్లే చెప్పులతో, భుజాన హ్యాండ్‌బ్యాగుతో ఆమె వెనకాల అడుగులో అడుగు వేస్తున్నాను. ఆమె పోయి పదహారేళ్లయిందని నాకు తెలుసు, తెలిసినా అదేమంత అడగాల్సిన సంగతిగా తోచడం లేదు. మా నాన్నకు అక్క ఆమె. ఎక్కడ డ్యాం కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు లేబరు అని పిలిపించుకున్న గుంపులో ముప్పై ఏళ్లు తట్ట మోసింది, ఏడేళ్లు వచ్చేదాకా నన్ను ఆ మట్టికుప్పల మధ్యే సాకింది.

"ఏందే జంగీ, గా నడుసుడేంది, గుడ్ల మీద నడిసినట్టు" అంటోంది వెనక్కి తిరక్కుండానే.

"అత్తా, నేనిప్పుడు లెక్చరర్ను. జంగమ్మ మేడమ్ అంటరు నన్ను."

"మేడమా. మంచిగున్నది. మేడమ్‌గారి కాళ్లకు మన్నంటుతదేమో, జర పైలం."

ఆమె మాట పూర్తయ్యేసరికి కాలువ గట్లు పైకి లేచి ఆకుపచ్చ రంగు గోడలవుతున్నాయి, ఒక గోడ మీద నల్లబల్ల, దాని మీద పొద్దున నేను రాసిన అక్షరాలు, ఎదురుగా బెంచీల మీద పన్నెండు మంది ఆడపిల్లలు. వాళ్లు మమ్మల్ని చూడటం లేదు, కిటికీలోంచి ఎక్కడికో చూస్తున్నారు, పొద్దున కూడా అట్లాగే చూశారు.

"వీళ్లెవరే?" అని అడుగుతోంది అత్త.

"గురుకులం పిల్లలత్తా. పది పాసైండ్రు, పాలిటెక్నిక్‌కు ర్యాంకులు తెచ్చుకున్నరు. ఏ బ్రాంచి గావాల్నో ఇయ్యాల సాయంత్రం లోపల కంప్యూటర్ల పెట్టుకోవాలె. మా కాలేజీల సివిల్ ఇంజనీరింగుకు ఆడపిల్లల సెక్షన్ ఒకటి కొత్తగ ఇచ్చిండ్రు. నాలుగేండ్లు ఆఫీసుల చుట్టు తిరిగి తెచ్చిన. ఇంక ముగ్గురు చేరకపోతే ఎత్తేస్తరంట."

"మరి చెప్పినవా వాళ్లకు?"

చెప్పాను. గంటసేపు చెప్పాను, గొంతు పోయేలా చెప్పాను. మార్కులు ముఖ్యం కాదు, ఆప్టిట్యూడ్ ఉంటే చాలు, ఆడపిల్లలు ఇంజనీర్లు కావచ్చు అని ఓ ఊపు ఊపాక, ముందు బెంచీ పిల్ల లేచి ఎంతో వినయంగా, "మేడమ్, ఆప్టిట్యూడ్ సర్టిఫికెట్ మీసేవల ఇస్తరా?" అని అడిగింది. పాపం దాని తప్పేముంది, కులానికో కాగితం, ఆదాయానికో కాగితం, ఇదింకో కాగితం అనుకుంది. ఇది చెబుతుంటే అత్త కాలువలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వుతోంది, ఆ నవ్వుకు గోడలు మళ్లీ గట్లవుతున్నాయి.

"ఇంతకు గది ఏందే, ఆ పిటూడు?"

"అంటే... మనిషి ఏ పనికి వంగుతడో గది. నీది ఎడమచేతి వాటం కాదా, అట్ల."

"వాటం అని చెప్పరాదు మరి. దానికి గంత నోరు తిరగని మాటెందుకు."

నాకు ఒళ్లు మండుతోంది, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఉక్రోషంగా మిగతాది కూడా చెప్పేస్తున్నాను. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచింది, లేచి, "సివిలంటే తట్ట మోసుడే గద మేడమ్. మా అమ్మ మోస్తనే ఉన్నది. మల్ల నేను గూడ ఎందుకు?" అంది.

"నువ్వేమన్నవ్?"

నా భుజాన హ్యాండ్‌బ్యాగు బరువెక్కుతోంది, దించి చూస్తే అది తట్ట, నిండా తడిమట్టి. "జీతం సంగతి చెప్పిన. ఆఫీసుల ఏసీ ఉంటదని చెప్పిన."

"మా అత్త తట్ట మోసిందని చెప్పినవా?"

"లేదు."

"మరి ఎవరింటి పిల్లనని చెప్పుకున్నవ్?"

"మా నాయిన కాంట్రాక్టరని" అంటున్నాను మట్టి వైపు చూస్తూ. ఇరవై రెండేళ్లుగా స్టాఫ్ రూములో ఇదే చెబుతున్నాను. నాకు సిగ్గుగా ఉంది, తల ఎత్తలేనంత సిగ్గుగా ఉంది, అత్త తిడితే బాగుండునని ఉంది. ఆమె తిట్టదు. నా ముందు గొంతుక్కూర్చుని, తాగే నీళ్ల ముంత తీసి కాలువ అడుగున వంపుతోంది.

ఆ నీళ్లు వెనక్కి, మా కాళ్ల వైపు వస్తున్నాయి, అప్పుడు నాకు ఆ రోజు గుర్తొస్తోంది, గుర్తురావడం కూడా కాదు, ఆ రోజే మా చుట్టూ నిలబడుతోంది. ఇంజనీర్లు వచ్చి మేకులు కొట్టి, తాడు కట్టి, ఇంత లోతు తవ్వండని చెప్పారు. అత్త ఇట్లాగే ముంతెడు నీళ్లు వంచి, "సారూ, వాటం ఉల్టా ఉన్నది, నీళ్లు ఎనక్కొస్తయ్" అంది. ఇంజనీరు, "నువ్వేమన్నా ఇంజనీరువా?" అన్నాడు. అందరూ నవ్వారు, మా నాన్న కూడా నవ్వాడు, అత్త తట్ట ఎత్తుకుంది. మరుసటేడు నీళ్లు వదిలితే అవి అక్కడే నిలబడిపోయాయి, తిరగదవ్వడానికి మళ్లీ మమ్మల్నే పిలిచారు. అంజిలమ్మ ముందే చెప్పిందని ఒక్కరూ అనలేదు.

"గా దినం నేను మల్లొక్కసారి అనకుండ నోరు మూసుకున్న చూడు, గదే నాకు కడుపుల ఉండిపోయింది" అంటోంది అత్త. "అందరు నవ్విండ్రు. నువ్వొక్కదానివే నవ్వలే."

కాలువ మధ్యలో మా ల్యాబులోని, నేల ఎత్తుపల్లాలు కొలిచే పాత లెవల్ మెషిన్ మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, ఎవరు తెచ్చారో తెలియదు. అత్తను చెయ్యి పట్టుకుని తీసుకెళుతున్నాను. ఆమె ఒక కన్ను మూసి గొట్టంలోంచి చూస్తోంది, చూసి ఉలిక్కిపడుతోంది.

"ఇందుల సార్లందరు తలకిందులుగ ఏలాడుతున్నరేందే?"

"పాత మెషిన్లల అట్లనే కనవడ్తదత్తా."

"గందుకేనా, వాటం ఉల్టా పెట్టింది."

ఈసారి పొట్ట పట్టుకోవడం నా వంతు. నేనింకా నవ్వుతుండగానే ఆమె ఎడమచేత్తో మరలు తిప్పి, గాజుగొట్టంలో బుడగను నడిమికి తెచ్చేసింది, నా పిల్లలకు అది నేర్పడానికి వారం పడుతుంది. పైనుంచి ఆడవాళ్లు దిగివస్తున్నారు, పదులు, వందలు, ఖాళీ తట్టలు చంకన పెట్టుకుని, తమాషా చూడటానికి కాదు, పనికి. చెవులు వినబడని ఒకామె అత్త చేతి సైగ చూసి కొలబద్దను అందరికంటే ముందు జరుపుతోంది, కాలు సరిగా లేని ఒకామె బండ మీద కూర్చుని అంకెలు రాస్తోంది, లంబాడీ ముసలమ్మ ఒకతి మేకు పీకి రెండు జానెలు కిందికి కొట్టి, "ఇగ చూడుండ్రి" అంటోంది. ఎవరూ ఎవరినీ ఏ కాగితమూ అడగడం లేదు.

"నీళ్లను ఎవరన్న నెడ్తరా జంగీ? వాటం ఇయ్యి. అవే ఉరుకుతయ్."

ఉరుకుతున్నాయి. ఎర్రగా, నురగతో, కాలువ నిండా, ఒక్క చుక్క వెనక్కి చూడకుండా ముందుకే పోతున్నాయి, ఆడవాళ్లు తట్టలు గాలిలోకి ఎగరేస్తున్నారు, నా గుండె పట్టలేనంత పొంగుతోంది. తలకిందులుగా వేలాడుతున్న ఇంజనీరు సరిగ్గా తిరిగి, నడుంలోతు నీళ్లలో నిలబడి, చేతులు కట్టుకుని అడుగుతున్నాడు, "మేడమ్, ఈ వాటం చూసింది ఎవరండి?" అత్త నా వైపు చూస్తోంది. నేను నోరు తెరుస్తున్నాను, నీళ్ల హోరులో నా మాట నాకే వినబడటం లేదు, నీళ్ల చప్పుడు, నీళ్ల చప్పుడు.

చప్పుడు నల్లాది. నేను గురుకులం స్టాఫ్ రూములో కుర్చీలోనే ఉన్నాను, మధ్యాహ్నం రెండున్నరవుతోంది, మెడ పట్టేసింది. కిటికీ బయట నల్లా దగ్గర ముగ్గురు పిల్లలు అన్నం ప్లేట్లు కడుగుతున్నారు. అందులో ఒకతి, పొద్దున తట్ట సంగతి అడిగిన వెనక బెంచీ పిల్ల, గొంతుక్కూర్చుని ప్లేటు అంచుతో నేల గీకుతోంది. లేచి బయటకు వెళ్లాను.

"ఏం చేస్తున్నవమ్మా?"

"నీళ్లు మెట్ల మీదికొస్తున్నయ్ మేడమ్, అందరు జారి పడ్తున్నరు" అంది తలెత్తకుండా. "వాటం తిప్పుతున్న."

నేను పక్కనే కూర్చున్నాను. చీర అంచు బురదలో పడింది, పడనీ.

"ఎవరు నేర్పిండ్రు నీకు?"

"నేర్పేదేముంది. పనికాడ మా అమ్మ ఇట్లనే వాటం తీస్తది."

"మీ అమ్మ చేసేది ఇంజనీరింగే. నీళ్లు ఎందుకట్ల పోతయో లెక్కగట్టి మూడేండ్లు చెప్తం మా దగ్గర."

ఆ పిల్ల నమ్మలేదు. "మీకేం తెలుస్తది మేడమ్ తట్ట పని" అంది.

"నేను తట్టల నడుమనే పెరిగిన. మా నాయిన కాంట్రాక్టరు గాదు, మన్ను తవ్వెటాయన. మా అత్త అంజిలమ్మ ముప్పై ఏండ్లు తట్ట మోసింది. కాలువకు వాటం ఉల్టా ఉన్నదని ఇంజనీరు కంటె ముందు చెప్పింది ఆమెనే."

పిల్ల అప్పుడు తలెత్తి నన్ను చూసింది. తరువాత చేతులు కడుక్కుని, మిగతా ఇద్దరినీ మోచేత్తో పొడిచి, "కంప్యూటర్ రూము ఐదింటి దాక తెరిచే ఉంటది గద మేడమ్?" అని అడిగింది.

ఉంటుందన్నాను. ముగ్గురూ ప్లేట్లు అక్కడే బోర్లించి, నాకంటే ముందు నడిచారు.