వేలు ఆగే చోటు

దేవిదాసు రేట్ల పేజీని మేకుకు తగిలించి, ఆరడుగులు వెనక్కి నడిచి ఒక కన్ను మూశాడు. తర్వాత రెండో కన్ను. తర్వాత రెండూ తెరిచి తల అడ్డంగా ఊపాడు.

"ఏమైంది కాకా?" అంది కంప్యూటర్ ముందున్న రోజారాణి.

"దీనికి ఊపిరాడ్తలేదు బిడ్డా."

మనిషి పొట్టి. కింద లైటు వెలిగే గాజుబల్ల మీద ముప్పై ఏళ్లు వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయింది. గోళ్ల సందుల్లో ఎండిన గమ్ము, చొక్కా జేబులో కట్టరు, కళ్లద్దాలకు ఒకపక్క కాడకు బదులు బీడీకట్టల దారం. ఆర్మూరులో డిజైన్ అంటే పెళ్లికార్డు మీద వినాయకుడి తొండం ఎటు తిరగాలన్నదే. అలాంటి ఊళ్లో, మార్కెట్ వెనక సందులోని చిన్న ప్రెస్సులో కూర్చుని, 'పసుపు కొమ్ము' అనే ఇరవై నాలుగు పేజీల మాసపత్రికకు పదకొండేళ్లుగా పేజీలు కడుతున్నాడు. అతని పేరు ఆ పత్రికలో ఒక్కసారి కూడా పడలేదు. అతను అడగనూ లేదు.

అది రెండు వేల మూడు, మార్చి. మార్కెట్లో పసుపు కుప్పలు పోసే రోజులు, కిటికీ తెరిస్తే చాలు తుమ్ములు.

పత్రిక చేతికి రాగానే రైతులు తెరిచేది పద్నాలుగో పేజీ. అందులో పసుపు కొమ్ము బొమ్మ, దానికి ఎదురుగా ధర. కింద మండ, అంటే గుండ్రటి పసుపు దుంప బొమ్మ, దానికి ఎదురుగా ధర. వరుసకూ వరుసకూ నడుమ రెండు వేళ్ల వెడల్పున తెల్లటి జాగా. అక్షరం ముక్క రానివాడు కూడా బొమ్మ మీద వేలు పెట్టి పక్కకు జరుపుకుంటూ పోతే ధర దొరుకుతుంది.

ఈ విద్య దేవిదాసుకు ఏ పుస్తకమూ నేర్పలేదు. పెళ్లాం వేలు నేర్పింది. గంగాబాయికి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నెలనెలా అచ్చుకు ముందు, డమ్మీని, అంటే పేజీలు మడిచి కుట్టిన నమూనా కాపీని, ఇంటికి తీసుకెళ్లి ఆమె బీడీల చాట పక్కన పెట్టేవాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలు పెట్టేది. ఎంత తుడిచినా తంబాకు పోదు కదా, కాగితం మీద గోధుమరంగు గీత పడేది. వేలు ఎక్కడ తడబడితే అక్కడ పేజీ తప్పన్నట్టే. మారు మాట్లాడకుండా వచ్చి మార్చేవాడు.

అలాంటి పేజీ, నిన్న సాయంత్రం తను కట్టి వెళ్లిన పేజీ, పొద్దున వచ్చేసరికి సగానికి కుంచించుకుపోయి ఉంది. కింది సగంలో ఒక బంగారు దుకాణం నగలు. పైసగంలో ధరలన్నీ బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"నేనే ఏపిచ్చిన," అన్నాడు ప్రెస్సు యజమాని భీమ్‌రావు లోపలికి వస్తూనే. "పైసలు పెట్టి కాగితం కొంటున్న దేవిదాసన్నా. నువ్వేమో తెల్లగ ఇడుస్తవ్."

"నన్నొక్క మాట అడగకుండనే?"

"అడిగితె ఒప్పుకుంటవా?"

"ఒప్పుకోను. గిది రైతు సదువుకునే పేజీ. గీ పేజీ పోతె నేనెందుకు సేటూ ఇక్కడ? రోజారాణి ఉన్నది, కంప్యూటర్ ఉన్నది."

ఇంత గట్టిగా అతను మాట్లాడటం రోజారాణి ఎన్నడూ వినలేదు. భీమ్‌రావు చెడ్డవాడేం కాదు. గడ్డం గోక్కుని నవ్వేశాడు.

"సరె, మన ఎడిటరమ్మనే అడుగుదం. గీ కొత్త పేజీ మీద వదిన వేలు సక్కగ పోతె గిదే అచ్చు. పోకపోతె నీ పేజీనే, ఇగ మళ్ల ఈ ముచ్చట ఎత్త. నాలుగింటికల్ల అచ్చు ప్లేట్లు చేయించనీకి నిజామాబాద్ పంపాలె, యాదుంచుకో."

మధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కుకుంటూ పెర్కిట్ చేరాడు. గంగాబాయి అరుగు మీద గోడకు ఆనుకుని, ఒళ్లో చాటతో కూర్చుని ఉంది. మొహమంతా చెమట. తునికాకు ముక్క చేతిలో ఉంది కానీ చుట్టడం లేదు.

"పొద్దుగాల్నుంచి చెయ్యి ఒకటే గుంజుతున్నది," అంది.

బీడీలు చేసే ఏ ఆడదానికి చెయ్యి గుంజదు! "జర తక్కువ చెయ్యరాదే," అంటూనే అతను డమ్మీ తెరిచి పద్నాలుగో పేజీ ఆమె ముందు పెట్టాడు. పదకొండేళ్ల పని ఇప్పుడు ఆ ఒక్క వేలి మీద ఉంది.

గంగాబాయి చెయ్యి తుడుచుకుని కొమ్ము బొమ్మ మీద వేలు పెట్టింది. అడ్డంగా కదిపింది. నడుమకు వచ్చాక వేలు వణికింది, ఆగింది. ఆగి, నగల మీదుగా కిందికి జారి, పేజీ దాటి చాటలో పడింది.

"దొర్కుతలేదయ్యా. అంకెలన్ని అలుక్కపోయినట్లు కనబడ్తున్నయి."

దేవిదాసు చప్పట్లు చరిచినంత పని చేశాడు. "సూసినవా! నేను చెప్పలే? గిట్లనే అయితదని చెప్పలే?" అని పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే డమ్మీ మడిచి చంకన పెట్టుకున్నాడు.

"అన్నం తినవా?"

"వచ్చి తింట. నాలుగింటికి ప్లేట్లు."

"జర కూసోరాదు."

"ఫికర్ చెయ్యకు గంగా, గెలిచినం!" అని సైకిలెక్కాడు.

కిందికి జారిన ఆ గీత చూసి భీమ్‌రావు చేతులెత్తేశాడు. "అన్న మాట తప్పను. నీ పేజీనే ఏస్కో." దేవిదాసు ఆ డమ్మీని మేకుకు తగిలించి బల్ల మీదికి వంగాడు. పాత పేజీ మళ్లీ కట్టాడు. అంకెలు అలుక్కుపోయాయంది కదా అని వాటిని ఇంకొంచెం పెద్దవి చేయించాడు, వరుసల నడుమ జాగా మరో అర వేలు పెంచాడు. కాకా ఈల వేస్తున్నాడేమిటని రోజారాణి ఆశ్చర్యపోయింది. నిజం చెప్పాలంటే అంత చక్కటి పేజీ అతను అంతకుముందు కట్టలేదు.

మూడున్నరకు ఫోను మోగింది. రోజారాణి ఎత్తింది. పక్కింటి లింగవ్వ, ఎస్టీడీ బూతు నుంచి. వింటూ వింటూ రోజారాణి మొహం పాలిపోయింది.

"కాకా, ఇంటికి పో. జల్ది పో."

"ఇగో, అయిపోవచ్చింది."

"పేజీ నేను సూస్కుంట. నువ్వు పో కాకా!"

అతను వెళ్లేసరికి గంగాబాయి అదే గోడకు ఆనుకుని ఉంది. తల మాత్రం పక్కకు వాలింది. ఒళ్లో చాట అలాగే ఉంది. వచ్చి చూసిన ఆరెంపీ డాక్టరు స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"గుండె. పొద్దుగాల్నుంచే నొప్పి ఉండి ఉంటది. చెయ్యి గుంజుతున్నదన్లేదా? కండ్లు మసకలైతున్నయన్లేదా?"

దేవిదాసు ఆమె వేలి వైపు చూశాడు. పదకొండేళ్లలో ఆ వేలు ఎప్పుడు తడబడినా తప్పు పేజీదే. ఇవాళా పేజీదే అనుకున్నాడు. ఎదురుగా మనిషి చెమటలు కక్కుతుంటే, కూర్చోమని అడుగుతుంటే, అతను కాగితం మీద గీతను చూశాడు.

"నేను నవ్విన లింగవ్వా," అన్నాడు. ఏడుపు కూడా రాలేదు. "సూసినవా అన్కుంట నవ్విన."

ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. పాడె లేచేదాకా అన్నాడు. బాల్కొండ నుంచి బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన కూతురు కృపను పట్టుకుని కూడా అదే అన్నాడు.

మూడో రోజు భీమ్‌రావు వచ్చాడు. ప్లేట్లు ఆపించాడట. రేట్ల పేజీలోని తెల్ల జాగాలో గంగాబాయి ఫోటో వేద్దామన్నాడు.

"వద్దు సేటు. అది జనం వేలు పెట్టుకునే జాగ. ఖాళీగనే ఉండనీ."

"సరె అన్నా. పదిరోజులైనంక పనికి రా."

"రాను. నాకు సూసుడు రాదు సేటూ. వస్తదనుకున్న."

భీమ్‌రావు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ నెల పత్రిక తెల్ల జాగాతోనే వచ్చింది. మార్కెట్లో రైతులు అది పట్టుకుని, కొమ్ము బొమ్మ దగ్గర వేలు పెట్టి, తిన్నగా ధర దాకా జరుపుకుంటూ పోయారు. ఈసారి అంకెలు మస్తుగున్నాయని ఇద్దరు ముగ్గురు ప్రెస్సుకు వచ్చి మరీ చెప్పారు. దేవిదాసు మళ్లీ ఆ సందులోకి రాలేదు. ఇప్పుడు పేజీలు రోజారాణే కడుతుంది. గోడకు సున్నం వేయించినప్పుడు కూడా మేకుకున్న డమ్మీని ఎవరినీ తీయనివ్వలేదు. పద్నాలుగో పేజీ దగ్గర తెరిచి ఉంటుంది. కొమ్ము బొమ్మ దగ్గర మొదలైన తంబాకు గీత నడుమ దాకా వచ్చి, నగల మీదుగా కిందికి దిగి, కాగితం అంచు దాకా పోయి ఉంది.