రెండు నొక్కులు

నేను ఒక సీబీ రేడియో సెట్టుని. నాకు సిమ్ము కార్డుతో, సెల్ టవరుతో పని లేదు. మైకు బటన్ నొక్కి మాట్లాడితే, అదే చానల్లో ఉన్న ఇంకో సెట్టు వింటుంది. నా పనంతా ఇంతే. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కని మనుషుల మధ్యే నా బతుకు గడిచింది.

విశాఖపట్నంలో వలలు, ఇంజన్ సామాన్లు అమ్మే బషీర్ కొట్లో అద్దాల బీరువాలో ఉండేదాన్ని. నా పక్కన లైట్లూ మెరుపులూ లేని నల్లటి సెట్టు ఒకటి ఉండేది. సన్నటి గొంతును కూడా పట్టుకోవడంలో దాని ముందు నేను చాలను. ఆ సంగతి నాకూ తెలుసు, బషీరుకీ తెలుసు. తెలియనిది కొనడానికొచ్చిన గురుమూర్తికే.

గురుమూర్తి కొత్తరేవులో ఫైబర్ పడవ యజమాని. తెల్ల చొక్కా తప్ప వేసేవాడు కాదు, సముద్రం మీదికి వెళ్ళి పదేళ్ళు దాటింది. వస్తూనే, "దీంట్లో ఎక్కువ దూరం పోయేది ఏది?" అన్నాడు.

"అన్నీ నాలుగు వాట్లే అన్నా. దూరం సెట్టులో ఉండదు, ఏంటెన్నాలో ఉంటుంది. పొడుగుది తీసుకుని, ఎత్తుమీద పెట్టి, మీటరుతో సరిచేసుకుంటే ఇరవై పాతిక కిలోమీటర్లు వస్తుంది," అన్నాడు బషీర్.

అతను మాట్లాడుతున్నంతసేపూ గురుమూర్తి నా నీలం లైట్లు చూస్తూ నిలబడ్డాడు. నల్ల సెట్టును వేలితో పక్కకి నెట్టి, నాలాంటివి రెండు కట్టించుకున్నాడు, ఒకటి పడవకి, ఒకటి ఇంటికి. పొడుగు ఏంటెన్నా చూపిస్తే, "గేలం కర్రలాగుంది, మేడ మీద పెడితే నవ్వుతారు," అని జానెడు పొట్టిది తీసుకున్నాడు.

అలా నేను వాళ్ళ హాల్లో టీవీ పక్కకి చేరాను. ఏంటెన్నాని కిటికీ ఊచలకి కట్టారు. ఇనప ఊచల మధ్య ఇరుక్కున్న జానెడు కర్రతో నా మాట ఎంతదూరం పోతుంది? రెండు కిలోమీటర్లు పోయేది. పడవ రేవు దాటగానే సంబంధం తెగిపోయేది. అప్పుడాయన గొంతు పెంచేవాడు. అరిస్తే దూరం పోతుందనుకునేవాడు. మైకుని నోట్లో పెట్టుకున్నంత పని చేసేవాడు, నాకు ఆయన తుంపరలు అంటేవి తప్ప అవతల ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఖాళీగా ఉన్నప్పుడు నేను చేసే బుస్సుమనే చప్పుడు చిరాకని, దాన్ని అణిచే నాబుని చివరికంటా తిప్పేశాడు. ఆ చప్పుడు వెనకే దూరపు గొంతులు ఉంటాయి. దాన్ని నొక్కేస్తే వాటినీ నొక్కేసినట్టే. హాలు ప్రశాంతంగా ఉందని సంతోషించాడు.

అంతటితో ఆగినా బాగుండేది. మైకుసెట్లు బాగుచేసే ఒకాయన్ని పిలిపించి పవరు పెంచమన్నాడు. ఆయన నా మూత విప్పి, ఒక స్క్రూ తిప్పి, ఒక చిన్న ముక్క కత్తిరించి, "ఇంక సింహంలా అరుస్తాది," అని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి నా గొంతు చిరిగిన తప్పెటైంది. నా లైట్లు మరింత వెలుగుతున్నాయని గురుమూర్తి నలుగురికీ చూపించాడు.

ఆ పడవ నడిపే సరంగు పెంటయ్య. మితభాషి, పనిమంతుడు. యజమానికి చెప్పకుండా బషీర్ దగ్గరికి వెళ్ళి పడవలో సెట్టుకి పొడుగు ఏంటెన్నా పెట్టించుకుని, సరిచేయించుకున్నాడు. ఆయన భార్య అమ్మాజీ చేపలు ఎండబెట్టి అమ్మేది. రోజూ మధ్యాహ్నం గుమ్మం దగ్గర నిలబడి, "పడవ మాటేటన్నా ఇనపడిందా అన్నా?" అని అడిగేది. మైకు ముట్టుకుంటానంటే గురుమూర్తి ఒప్పుకునేవాడు కాదు. "లక్షణంగా ఉన్న సెట్టు. ఆడోళ్ళు ముడితే పాడవుద్ది," అనేవాడు. పాడు చెయ్యడానికి ఇంకేం మిగిల్చాడో నాకు తెలియదు.

ఒక సోమవారం తెల్లవారుజామున నలుగురితో వెళ్ళిన పడవ సాయంత్రానికి రాలేదు. మంగళవారం పొద్దెక్కినా రాలేదు. గురుమూర్తి నన్ను పట్టుకుని అరిచాడు. మైకుని అరచేత్తో కొట్టి మళ్ళీ అరిచాడు. నా దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, "ఆ మెకానిక్కుని పిలవండి, ఇంకొంచెం పవరు పెంచాల," అన్నాడు.

అమ్మాజీ గుమ్మంలో ఉంది. ఏడవలేదు. "ఆళ్ళు మాటాడతన్నారో లేదో మనకేటి తెలుసు? మనకి ఇనపడట్లేదంతే," అంది. దొరికిన మొదటి బస్సెక్కి బషీర్ కొట్టుకి వెళ్ళిపోయింది.

పదకొండు గంటలకల్లా తిరిగొచ్చింది. భుజం మీద పొడుగు ఏంటెన్నా, చేతిలో కేబులు చుట్ట, బషీర్ వాడుకోమని ఇచ్చిన మీటరు ఉన్నాయి. ఏంటెన్నాకి పంపిన శక్తిలో ఎంత బయటికి పోకుండా వెనక్కి తిరిగొస్తోందో ఆ మీటరు ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎంత కిందుంటే అంత మంచిది. ఎలా వాడాలో బషీర్ రెండుసార్లు చెప్పాడట, ఆమె ఒక్కసారి తిరిగి ఒప్పజెప్పి బయల్దేరిందట.

మేడ మీద అన్నిటికంటే ఎత్తు నీళ్ళ ట్యాంకు. దాని మీద పడవ యజమానుల సంఘం అధ్యక్ష పదవికి గురుమూర్తిని గెలిపించమనే బోర్డు ఉంది. నిలువెత్తు ఫొటో, చుట్టూ బల్బులు. అమ్మాజీ దాని కట్లు విప్పుతుంటే ఆయన కిందనుంచి, "అది తియ్యకు. శుక్రవారం ఎలక్షను. పక్కనెక్కడైనా పెట్టు," అన్నాడు.

"పక్కన ఎత్తు లేదన్నా," అంది. బోర్డుని గోడవారగా బోర్లా పెట్టింది.

నలుగురి ప్రాణాలు నీళ్ళ మీదుండగా తన మొహం నేలకి ఆనిందని బాధపడే మనిషిని అప్పుడే చూశాను. తర్వాత ఇంకా చాలామందిని చూశాననుకోండి.

ఆమె మేడ మీద ఏంటెన్నా బిగించి, కిందికి వచ్చి, మొదటి చానల్లో బటన్ నొక్కి ముల్లు చూసింది. చివరి చానల్లోనూ చూసింది. చివరి దాంట్లో ముల్లు ఎక్కువ పైకెక్కింది. అంటే కర్ర పొడుగెక్కువైంది. మళ్ళీ పైకెక్కి, కొసన కడ్డీని అరంగుళం లోపలికి జరిపి దిగింది. అలా ఏడుసార్లు ఎక్కి దిగింది. గురుమూర్తి కుర్చీలో కూర్చుని, "ఇంకొంచెం పొడుగు చెయ్యి," అని సలహా ఇస్తూనే ఉన్నాడు. ఆయన చెప్పింది ప్రతిసారీ తప్పే. చివరికి రెండు చానళ్ళలోనూ ముల్లు ఒకటిన్నర దగ్గర నిలబడింది. పుట్టాక మొదటిసారి నాకు ఊపిరాడింది.

అప్పుడామె, గురుమూర్తి బిగించిన నాబుని వెనక్కి తిప్పింది. హాలంతా బుస్సుమన్న చప్పుడు నిండింది. ఆమె చెవి నా స్పీకరు జల్లెడకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు అడుగునుంచి ఒక గొంతు వచ్చింది.

"...ఇంజను ఆగిపోనాది. అలలకి దక్షిణంగా కొట్టుకుపోతన్నాం. నీళ్ళు అయిపోనాయి. ఎవరన్నా ఇంటన్నారా..."

పెంటయ్య. నిన్నటి నుంచి గంటగంటకీ చెబుతూనే ఉన్నట్టుంది.

ఆమె మైకు తీసి, బెత్తెడు దూరంలో పట్టుకుని, అరవకుండా జవాబిచ్చింది. కానీ నా గొంతు ఉందిగా, మెకానిక్కు ఇచ్చిన సింహం గొంతు. అవతలనుంచి, "ఎవరో ఏటో అంటన్నారు, ముక్క తెలట్లేదు," అన్నాడు పెంటయ్య. ఆమె మళ్ళీ చెప్పింది. మళ్ళీ అంతే. నన్ను అలా చేసిన వాళ్ళ మీద నాకెంత అసహ్యం వేసిందో, ఏమీ చెయ్యలేని నామీద నాకూ అంతే వేసింది.

కాసేపటికి ఆయనే అన్నాడు. "నా మాట ఇనపడతంటే బటను రెండుసార్లు నొక్కండి. మాటాడొద్దు."

అమ్మాజీ నొక్కింది. రెండుసార్లు.

గొంతు చిరిగిపోయినా నొక్కు నొక్కే, అవతల టక్కుమని వినపడుతుంది. తర్వాత పెంటయ్య, జీపీఎస్ పెట్టెలో తామున్న చోటు చూపించే అంకెల్ని ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె బొగ్గుతో గోడ మీద రాసుకుంది. "మళ్ళీ సెప్తాను, సరిపోతే రెండు నొక్కు," అన్నాడు. సరిపోయాయి. రెండు నొక్కింది.

"తెల్లగా సున్నం కొట్టించిన గోడ," అన్నాడు గురుమూర్తి.

అప్పుడు బాగున్న ఇంజనుతో రేవులో ఉన్నది తాతబ్బులు పడవొక్కటే. సంఘం ఎన్నికల్లో గురుమూర్తి మీద నిలబడింది అతనే. "వాడిని అడిగితే నా పరువేంగానూ? కోస్టుగార్డుకి ఫోన్ చేసి చూద్దాం," అన్నాడు గురుమూర్తి. "ఫోను మీరు చెయ్యండి, నేను పడవ చూస్తాను," అంది అమ్మాజీ. అంకెలు చేతిమీద రాసుకుని ఇసకలో పరిగెత్తింది. తాతబ్బులు సగం తిన్న అన్నం వదిలేసి లేచాడని తర్వాత విన్నాను. ఆమె తిరిగొచ్చి నా దగ్గర కూర్చుంది. పెంటయ్య పావుగంటకోసారి, "ఉన్నావా?" అని అడిగేవాడు. ఎవరని అడగలేదు. ఆమె రెండు నొక్కేది.

సాయంత్రం నాలుగున్నరకి నలుగురినీ తాడు కట్టిన పడవతో సహా తీసుకొచ్చారు. ఒడ్డున గుమిగూడిన జనంతో గురుమూర్తి, "నా సెట్టు పవరు అలాంటిది. అందుకే ఖరీదైంది కొన్నాను," అన్నాడు. కొందరు తలలూపారు. ఈ తలలు దేనికైనా ఊగుతాయి.

శుక్రవారం ఎన్నికల్లో ఆయన గెలిచాడు కూడా. మనుషుల మీద నా అభిప్రాయం మార్చడానికి ఇంత మంచి అవకాశం వచ్చినా వాళ్ళు వదులుకున్నారు.

శనివారం ట్యాంకు మీదికి బోర్డు మళ్ళీ ఎక్కింది, ఏంటెన్నా పిట్టగోడ మూలకి దిగింది. సోమవారానికి ఇంజను బాగైంది కానీ పెంటయ్య పడవ ఎక్కలేదు. "సెట్టు దగ్గర అమ్మాజీ కూకుంటేనే ఎళ్తాం," అన్నాడు. మిగతా ముగ్గురూ వలలు కింద పెట్టేశారు. రెండు రోజులు పడవ ఇసక మీదే ఉంది. మూడోరోజు గురుమూర్తి ఆమె ఇంటికి కబురు పంపాడు.

అమ్మాజీ మీటరు తీసుకుని వచ్చింది. గురుమూర్తి నన్ను కొట్టుకి పంపితే, బషీర్ నా గొంతు సరిచేసి తిప్పి పంపి అప్పటికి ఒక రోజైంది. బోర్డు కిందికి దించింది గురుమూర్తే. ఏంటెన్నాని భుజాన పెట్టుకుని ట్యాంకెక్కిందీ ఆయనే, తెల్ల చొక్కాకి తుప్పు అంటింది. కర్ర బిగించి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, కింద రోడ్డు మీద జనానికి కనిపించేలా నిలబడ్డాడు.

నా పక్కన అమ్మాజీ ముల్లు చూసింది. కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"అన్నా, చెయ్యి తియ్యండి. మీరు దగ్గరుంటే ముల్లు సరిగ్గా సూపించదు."

"తీశాను. ఇప్పుడో?"

"ఇంకా లేదు. కిందికి దిగిపోండి."

ఆయన దిగాడు.